అమ్మ పేరున్న డ్రమ్ము

పోయిన వారం నన్ను మెట్ల మీద వదిలేసి పోయారు మీరంతా. ఇంకా అక్కడే ఉన్నాను. ఒంటి మీద చెమట ఆరలేదు, చేతిలో కర్రలు అలాగే ఉన్నాయి, కింద మొదటి మెట్టు మీద మా నాయన జ్ఞానరాజు నిలబడి పైకి చూస్తున్నాడు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్కసారి చెప్తాను, మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. నా పేరు స్తుతి. కర్నూల్లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని. ఆదివారం మా చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. శనివారం సాయంత్రం అవే డ్రమ్స్ ఇంకోచోట వాయిస్తాను. గొడవంతా ఆ ఇంకోచోటుతోనే. పాతూర్లో ఒక షామియానా గోడౌను పైన మేడ ఉంది. వారం వారం అక్కడ ఏదో ఒక బ్యాండు వాయిస్తుంది, బ్లూస్ అనీ, పంక్ అనీ, రాక్ అనీ. మా బ్యాండులో భూపేష్‌ది గిటారు, పాట. కోసిగి నుంచి వచ్చి ట్రాలీ ఆటో తోలుకునే హనుమేష్‌ది బేస్ గిటారు. వెనకాల నేను. డ్రమ్స్ మాత్రం మావి కావు, చర్చివి. నాయన సంఘపెద్ద కాబట్టి చర్చి తాళంచెవి మా ఇంట్లోనే మేకుకు వేలాడుతుంది. శనివారం నేను తాళం తీస్తాను, హనుమేష్ ట్రాలీలో వేసుకొస్తాడు, ఆదివారం ఆరాధన గంట మోగేలోపు ఎక్కడివక్కడ పెట్టేస్తాం. ఏడాదిగా ఇదే నడుస్తోంది.

ఆ డ్రమ్స్ కొనిచ్చింది నాయనే. అమ్మ పోయాక ఆమె పేరున సంఘానికి ఇచ్చాడు. మాలో చర్చికి ఏదిచ్చినా దాని మీద పేరు రాయించడం ఆచారం. ఫ్యాను రెక్క మీద ఒకరి పేరు, బెంచీ వీపు మీద ఇంకొకరి పేరు. ఎండాకాలం ఆరాధనలో కూర్చుంటే మనకు తగిలే గాలి కూడా ఎవరో పోయినవాళ్ళదే. పెద్ద డ్రమ్ము ముందువైపు తెల్లటి తోలు మీద నీలం రంగుతో రాయించాడు నాయన: 'కీ.శే. విశ్వాసమ్మ జ్ఞాపకార్థం.' శనివారాలు దాని మీద నేను నల్ల టేపు అతికించేదాన్ని. కడపలో వాయించిన రోజు ఆ టేపు ఊడిపోయింది. ఎవరో తీసిన వీడియోలో అమ్మ పేరు స్పష్టంగా పడింది. ఆ వీడియో మా సంఘంలో ఫోనున్న ప్రతివాళ్ళకీ చేరింది.

అదీ సంగతి. ఇప్పుడు నాయన మెట్లెక్కుతున్నాడు.

సగం పాటలయ్యాక కాసేపు ఆగాం. 'ట్యాంకు ఉండాది, నీళ్ళు యాడ' అనే పాటతో మొదటి సగం ముగించాం. ఆ పాటకు జనం గొంతులు పోయేలా అరుస్తారు, ఎందుకంటే సగంమంది ఇళ్ళల్లో పొద్దున నీళ్ళు రాలేదు. ఇప్పుడు గోలీ సోడాలు, మిరపకాయ బజ్జీల పొట్లాలు పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నారు. మెడికల్ కాలేజీ పిల్లలు, సెల్‌ఫోన్ రిపేరు షాపుల వాళ్ళు, వాకింగుకు పోతున్నానని ఇంట్లో చెప్పి వచ్చే ఒక బ్యాంకు ఆయన, ఎప్పుడు లేచి పోవాల్సి వస్తుందోనని తలుపు పక్కనే కూర్చునే ఇద్దరు అమ్మాయిలు. అందరూ కలిపి యాభైమంది ఉండరు. కూలరు ఒకటే, అదీ నీళ్ళు లేక వేడిగాలి కొడుతుంది. అయినా వస్తారు. ఇంత పెద్ద ఊళ్ళో మాకు గట్టిగా అరిచే చోటు ఇదొక్కటే. నాకైతే వారమంతా ఈ రెండు గంటల కోసమే గడిచేది.

నాయన తలుపు దగ్గర ఆగి జనాన్ని ఒకసారి చూశాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టికెట్టు లేనివాణ్ణి వెతికే చూపు ఆయనకు ఇంకా పోలేదు. ఆదివారం వేసుకునే తెల్లచొక్కా శనివారమే వేసుకుని వచ్చాడు.

"ఏం నాయనా, ఈడికొచ్చినావు?" అన్నాను. దొరికిపోయినవాళ్ళు అడిగే తెలివితక్కువ ప్రశ్నే అది.

"దిగు. ఆటో నిలబెట్టి వచ్చినా."

"ఇంగా సగం పాటలుండాయి."

"నేను పాటల గురించి అడగలే. దిగు అంటాండా."

జనం చూస్తున్నారు. చెయ్యి పట్టుకుని ఆయన్ని కూలరు వెనక పిట్టగోడ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చెయ్యి వణుకుతోంది. కోపమనుకున్నాను.

"నేను ఈడుంటానని ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురు చెప్పల్ల? వీడియోలో నీ మొకం లేదు. చీకట్లో కూచున్యావు. చేతులుండాయి. నా బిడ్డ చేతులు నాకు తెలీవా?"

చర్చిలో ఇన్నేళ్ళు వాయించాను, ఒక్కరోజు కూడా నా వైపు తిరిగి చూసినట్టు కనిపించలేదు ఈయన. చేతులు గుర్తుపట్టేంతగా చూశాడన్నమాట. ఏడుపొచ్చేదే, కానీ నాయన అంతటితో ఊరుకునే మనిషైతే కదా!

"ఆ చేతులు చూసి సిగ్గుతో సచ్చినా. తాగుబోతోళ్ళ నడుమ మీ అమ్మ పేరా?"

"ఈడ ఎవురూ తాగరు నాయనా. సోడాలు తాగుతాండారు, కండ్లు తెరిచి చూడు."

"సోడాలో ఏముంటాదో నాకు తెలుసులే. బస్సులో నేను చూడని సోడానా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ తాత ఏం కొడతాండె, చెప్పు."

"ఇప్పుడు తాత ఏమిటికి?"

"చెప్పు పాపా. ఏం కొడతాండె?"

"తప్పెట."

తాత కథ మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ చెప్పుకునేదే. పత్తికొండ అవతల మా ఊరు. జాతర్లకూ, చావులకూ, దండోరాకూ తాతే తప్పెట కొట్టాలి. పెద్దింటివాళ్ళు ముందు నడుస్తుంటే ఈయన వెనకాల కొట్టుకుంటూ పోవాలి. పెట్టింది తినాలి, పెట్టకపోతే మూసుకోవాలి. బాప్తిస్మం తీసుకున్న రోజు తప్పెట తీసుకుపోయి పాడుబావిలో వేసి వచ్చాడు. ఇక ఎవరి ముందూ కొట్టనన్నాడు. ఊరి పెద్దలు కూర్చున్నారు, తీర్మానం చేశారు, ఏడాదిపాటు ఆయన్ని ఒక్క చేన్లోకి కూడా పనికి పిలవలేదు. అప్పుడు నాయన చిన్నపిల్లవాడు. ఆ ఏడాది ఏం తిన్నారో మాత్రం ఎప్పుడూ చెప్పడు.

"మన ఇంట్లో ఇంగ ఎవురూ ఇంకొకరు ఎగురుతాంటే కొట్టేది లేదని మీ తాత ప్రమాణం," అన్నాడు నాయన. "ఇప్పుడు నువ్వేం చేస్తాండావు? ఆ గిటారు పట్టుకున్య పెద్దింటోడు ముందర ఎగురుతాండాడు. నువ్వు ఎనకాల కొడతాండావు. ఏం మారినట్ల?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో కూడా చెప్తాను. ఆ మాట నాకు ఎప్పుడూ తట్టలేదు, తట్టనందుకు మండింది.

"నేను ఎవురి కోసమూ కొట్టడంలే. నా కోసం కొట్టుకుంటాండా."

"పెద్ద మాటలొద్దు."

"మరి చర్చిలో ఎవురి కోసం కొట్టినా నాయనా? పాస్టరయ్యగారు చెయ్యెత్తితే కొట్టల్ల, దించితే ఆపల్ల. మెల్లగా కొట్టమ్మా, ముసలోళ్ళకు దడ. చున్నీ సర్దుకోమ్మా, మగపిల్లోళ్ళుండారు. ఈడ ఇంతమందిలో ఒక్కరన్నా మెల్లగా కొట్టమన్యారా? తాత వద్దనుకున్యాడు, పారేసినాడు. నాకు కావాల, పట్టుకున్యా. ఎవురి ఇష్టం వాళ్ళది అనే కదా ఆయన కొట్లాడింది!"

నాయన తల పక్కకు తిప్పుకున్నాడు. గెలిచాననుకున్నాను. మా నాయన దగ్గర గెలవడం నాకు అలవాటు లేదు, అందుకే ఆ ఒక్క నిమిషం సంబరపడ్డాను.

"అయితే టేపు ఏమిటికి పీకినావు?" అన్నాడు.

"నేను పీకలే."

"మరి ఎవురు పీకినట్ల? నీకు ఇంత తెలుసు, అంత తెలుసు. పేరు మూసిపెట్టల్లని తెలీదా?"

"కడప ఎండ నాయనా, జిగురు కరిగి ఊడిపోయింటాది. నేను ఎనకాల కూచుంటా. ముందర ఏమయ్యేదీ నాకు కనపడదు కదా!"

"ఈపొద్దు కూడా ఎండేనా?" అని వేలు చూపించాడు.

డ్రమ్స్ వాయించేవాళ్ళకు ఒక శాపముంది. పెద్ద డ్రమ్ము ముఖం ఊరందరికీ కనిపిస్తుంది, వాయించేవాళ్ళకే కనిపించదు. జనాన్ని తప్పించుకుంటూ ముందువైపుకు పోయి చూశాను. మధ్యాహ్నం నేనే అతికించిన టేపు లేదు. ఊడిన టేపయితే ఒక మూలన్నా వేలాడుతుంది. ఇది శుభ్రంగా ఉంది, జిగురు కూడా పెట్రోలుతో తుడిచినట్టు వాసన వస్తోంది. అమ్మ పేరు మీదికి ఎవరో చిన్న లైటు కూడా తిప్పిపెట్టారు.

బజ్జీ నములుతూ భూపేష్ వచ్చాడు. వాళ్ళ నాయనకు నంద్యాల రోడ్డులో రెండు ఫంక్షన్ హాళ్ళున్నాయి. చింపిరి ప్యాంటు వేసుకుంటాడు, అది కొత్తగా కొన్న చింపిరి.

"ఓ పెద్దాయనా, వచ్చినావా! కూర్చో, కూర్చో. కుర్చీ ఎయ్యండప్పా పెద్దాయనకు," అన్నాడు.

"వద్దులే బాబూ. మీరు కానీండి," అన్నాడు నాయన.

రెండడుగులు వెనక్కి కూడా జరిగాడు. ఇందాక నా మీద అంత లేచిన గొంతు ఎక్కడికి పోయిందో! ఆ పిల్లోడికి ఈయన కొడుకు వయసు కూడా లేదు, వాడు నువ్వు అన్నాడు, ఈయన మీరు అన్నాడు. ఇద్దరికీ అది మామూలే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"టేపు ఎవురు తీసినారు భూపేష్?"

"నేనే," అన్నాడు, బహుమతి ఇచ్చినవాడిలా నవ్వుతూ. "కడపలో కూడా నేనే. దాన్ని మూసేది ఏంది స్తుతీ? ఎంత బాగుండాది అది! ఏ బ్యాండుకుండాది అట్లాంటిది? బెంగళూరోళ్ళు ఫోన్ చేసినారు తెలుసునా! డ్రమ్ము మీద చచ్చిపోయినోళ్ళ పేరుండేది మీ బ్యాండే కదా అన్యారు. ఔనన్నా. అదే పేరు పెట్టేసినా మనకు."

"ఏం పేరు?"

ఫోను తీసి చూపించాడు. వచ్చే నెల బెంగళూరులో వాయించబోయేదానికి పోస్టరు. నల్లటి నేల మీద ఎర్రటి అక్షరాలు, 'విశ్వాసమ్మ జ్ఞాపకార్థం'. దాని కింద గిటారు పట్టుకుని భూపేష్ ఫోటో. తెలీనివాళ్ళు చూస్తే పోయింది వీడేననుకుంటారు. అలా అనుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఆ నిమిషంలో.

మా అమ్మ అంగన్‌వాడీలో వంట చేసేది. బతికున్నన్నాళ్ళూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. జ్ఞానరాజు పెండ్లాం, స్తుతివాళ్ళమ్మ, ఆయమ్మ. నోరారా విశ్వాసమ్మ అని చదివింది ఆమెను మట్టిచేసిన రోజు అయ్యగారొక్కడే. తర్వాత ఆ పేరు డ్రమ్ము ఎక్కింది. వారం వారం దాని వెనక కూర్చుంటే అమ్మ నా ముందు నిలబడి నన్ను నలుగురి కళ్ళూ పడకుండా కాస్తున్నట్టు ఉండేది. టేపు వేసేటప్పుడు కూడా తప్పు చేస్తున్నట్టు ఉండేది కాదు, ఆమెకు దుప్పటి కప్పుతున్నట్టు ఉండేది. దాన్ని వీడు లాగి పారేశాడు.

"నన్ను అడిగినావా?"

"అడిగితే వద్దంటావని."

"మా అమ్మప్పా అది!"

"అందుకే కదా! ఆమెకు ఎంత పేరొస్తాదో ఆలోచించు."

"అంత పేరొచ్చేదైతే మీ అమ్మ పేరు పెట్టు."

"మా అమ్మ బతికుండాది కదా."

"మీ అవ్వ పోయింది కదా. ఆమె పేరు పెట్టు."

"మా అవ్వ పేరా? మా నాయన చర్మం ఒలుస్తాడు," అని పగలబడి నవ్వాడు. ఏమన్నాడో వాడికి తెలీదు. తెలిసి అన్నా బాగుండేది, చెంప పగలగొట్టడానికి ఒక లెక్క ఉండేది.

నాయన చెప్పిందే నిజమైందన్న బాధ ఒకటి, నా ఏడాది శనివారాలన్నీ వీడి పోస్టరుకు పోయాయన్న బాధ ఇంకొకటి. రెండూ కలిసి నోరు చేదెక్కిపోయింది.

"హనుమేషూ!" అని పిలిచాను. "సామాను విప్పుదాం పా. ఇంగ చాలు."

హనుమేష్ అప్పటికే వైర్లు చుడుతున్నాడు. మాటలు తక్కువ, పని ఎక్కువ మనిషి. మా నాయనను చూసి, "వందనాలప్పా," అన్నాడు. వాళ్ళది ఆంజనేయస్వామిని కొలిచే ఇల్లు, కానీ ప్రతి క్రిస్మస్‌కూ మా చర్చికి కుర్చీలు తోలి తోలి మా పలకరింపు నేర్చుకున్నాడు. నాయన జవాబివ్వలేదు. కనీసం అతని వైపు చూడలేదు. పెద్ద డ్రమ్ము మీద హనుమేష్ చెయ్యి పడగానే మాత్రం గట్టిగా అరిచాడు.

"ముట్టొద్దు! సామాను యాడిది ఆడ్నే ఉండనీ. స్తుతీ, నువ్వొక్కదానివే రా."

"అదేంది నాయనా? సామాను కోసమే కదా వచ్చినావు?"

"నీ కోసం వచ్చినా. తొందరగా రా పాపా." మెట్ల వైపు చూశాడు. గడియారం చూసుకున్నాడు. మళ్ళీ మెట్ల వైపు చూశాడు.

అప్పుడు అర్థమైంది నాకు. చెయ్యి వణికింది కోపంతో కాదు.

"ఎవురన్నా వస్తాండారా?"

నా చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగాడు.

"నాయనా, ఎవురు వస్తాండారు?"

"పోలీసోళ్ళు," అన్నాడు, పెదాలు కదిలీ కదలకుండా. "నువ్వు ఈడ కనపడగూడదు."

"ఎవురు పిలిచినారు?"

"సంఘం కూచున్యాది. వీడియో చూసినారు. తాళంచెవి మీ ఇంట్లోనే కదా ఉండేది పెద్దాయనా అన్యారు. నేనేం చెప్పల్ల?"

"నా బిడ్డ తీసకపోయింది అని చెప్పల్ల."

"చెప్తే? నిన్ను బల్ల నుంచి తీసేస్తారు, నన్ను పెద్దరికం నుంచి తీసేస్తారు."

బల్ల నుంచి తీసేయడమంటే మాలో చిన్న శిక్ష కాదు. నెలకొకసారి అందరూ ముందుకుపోయి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే, మనం మాత్రం బెంచీ మీదే తలవంచుకుని కూర్చోవాలి. ఆ పూటకి సంఘమంతా మన వీపును చూస్తుంది. నాకు భయం లేదని చెప్పను. ఉంది.

"సరే. ఏం చెప్పినావు మరి?"

నాయన చూపు ఒక్క క్షణం అటు పోయి వచ్చింది. వైరు చుట్టుకుంటున్న హనుమేష్ మీదికి.

"నాయనా! వాని పేరు చెప్పినావా?"

"మోసింది వాడే కదా! బండి తోలింది వాడే కదా! కుర్చీలకు వచ్చినప్పుడల్లా తాళంచెవి యాడుంటాదో చూసినాడు. నేను చెప్పిందాంట్లో అబద్ధం యాడుండాది?"

"నిజం యాడుండాది?"

"సంఘంలో అందరికీ తెలుసు పాపా, నువ్వేనని. ఒక్కరు కూడా నోరు తెరవలే. నా మొకం చూసి వాని పేరు ఒప్పుకున్యారు. నువ్వు తెలివిగా ఇంట్లో ఉంటే రేపు ఏమీ జరగనట్ల పోయి వాయించుకోవచ్చు."

హనుమేష్ చేతిలో వైరు ఆగిపోయింది. విన్నాడు.

"అక్కా," అన్నాడు. "బండి నాది గాదక్కా, సేటుది. స్టేషన్‌కు పోతే సేటు మళ్ళ బండి ఇయ్యడు. మా యమ్మవాండ్లు సుగ్గికి పోయినారు. వచ్చి ఇడిపించేకి ఎవురూ లేరక్కా." కరువొచ్చి ఊరూరు పనులకు వలస పోవడాన్ని కోసిగి వైపు సుగ్గి అంటారు. వాళ్ళమ్మ, నాయన గుంటూరు దగ్గర మిరప చేలల్లో ఉన్నారు. ఆ మాట అతను మా నాయనతో అనలేదు, నాతోనే అన్నాడు. నాయన తప్పు చేయగలడని అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు.

"తాతను పనికి పిలవద్దని కూచున్నోళ్ళు కూడా ఇట్లనే కూచోనింటారు నాయనా," అన్నాను. "అందరికీ అన్నీ తెలిసీ, ఎవురూ నోరు తెరవకుండా."

నాయన ముఖం కట్టె అయిపోయింది. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"నీ కోసమే చేసినా."

"నా కోసమా, నీ పెద్దరికం కోసమా?"

"రెండిటి కోసం," అన్నాడు. మా నాయన ఆ సాయంత్రం ఆడిన నిజం అదొక్కటే.

పోలీసులన్న మాట భూపేష్ చెవిన కూడా పడింది. వాడి గిటారు ఎప్పుడు సంచీలోకి పోయిందో నేను చూడలేదు. "సామాను ఎవురిదో నాకేం తెలుసు? హనుమేషే తెస్తాండె," అని పక్కనున్నవాళ్ళతో చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగకముందే చెప్పాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం పుస్తకాల్లో చదివాను, ఆ రోజు కళ్ళారా చూశాను.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒక కానిస్టేబులు, వెనకాల ఒక హోంగార్డు. తలుపు పక్కన అమ్మాయిలిద్దరూ అప్పటికే లేరు.

"హనుమేష్ అంటే ఎవురప్పా?"

హనుమేష్ చెయ్యెత్తాడు, బళ్ళో హాజరు చెప్పేటప్పుడు ఎత్తినట్టు.

"కింద ట్రాలీ నీదేనా? దా ఈడికి." కానిస్టేబులు నాయనను చూశాడు. "ఓ, పెద్దాయన కూడా వచ్చినాడే! మీ సామాను ఇదేనా సార్?"

"ఇదే సార్," అన్నాడు నాయన.

"ఈ అమ్మాయి ఎవురు?"

కర్రలు నా చేతిలోనే ఉన్నాయి. నాయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, కానిస్టేబులు వైపు తిరిగాడు.

"పాటలు ఇనేకి వచ్చింటాది సార్. ఆమెకూ దీనికీ ఏం సంబంధం లేదు."

ఆమె. కన్నబిడ్డను ఆమె అన్నాడు. నన్ను కాపాడడానికే అన్నాడు, అది నాకు తెలుసు. తెలిసినా గుండెలో గుచ్చుకుంది, గుచ్చుకున్నది ఇప్పటికీ అక్కడే ఉంది.

"మరి వాయించేది ఎవురు?" కానిస్టేబులు చుట్టూ చూశాడు. భూపేష్ గోడకున్న క్యాలెండరు చదువుతున్నాడు. అంతమంది జనం, పేరుపేరునా నన్ను ఎరిగినవాళ్ళు, సోడా బుడ్లలోకి చూసుకుంటున్నారు. గొంతులు పోయేలా అరిచిన జనమే వీళ్ళు!

"సరే, తెచ్చింది వీడే, వాయించింది వీడే అనుకుందాం," అని కానిస్టేబులు హనుమేష్ భుజం పట్టుకున్నాడు. "నడువప్పా."

హనుమేష్ నడిచాడు. నేను నోటితో చెబితే నాయన దాని మీద ఇంకో అబద్ధం కప్పుతాడు, అది ఖాయం. అందుకని పోయి డ్రమ్స్ వెనక కూర్చున్నాను. కాలు కింద పెద్ద డ్రమ్ము, ముందు చిన్నవి, పక్కన ఇత్తడి తాళాలు. కొట్టాను. చర్చిలో ఒక్కరోజు కూడా కొట్టనివ్వనంత గట్టిగా, గోడౌను రేకులు అదిరేలా, చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాను. కానిస్టేబులు మెట్ల దగ్గరే ఆగిపోయాడు. హనుమేష్ భుజం మీది చెయ్యి జారింది.

ఆపాను.

"వాయించేది నేను సార్. చర్చి తాళం తీసింది నేను. సామాను తెమ్మన్నది నేను. ఆ అబ్బాయి బాడుగకు బండి తోలినాడు, అంతే. అతన్ని వదిలిపెట్టండి."

కానిస్టేబులు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వు పో అప్పా, ఆడ కూచో," అని హనుమేష్‌తో అన్నాడు. జేబులోంచి పెన్ను తీస్తూ నా దగ్గరికి వచ్చాడు.

"పేరేందమ్మా?"

"స్తుతి."

"నాయన పేరు?"

కానిస్టేబులు భుజం వెనక నాయన నిలబడి ఉన్నాడు. నా కళ్ళలోకే చూస్తున్నాడు. వద్దు, అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మెల్లగా, నాకొక్కదానికే కనిపించేలా, ఇంకోసారి ఊపాడు.

"ఏం మాట్లాడవు? అడుగుతాండా కదమ్మా," అన్నాడు కానిస్టేబులు. "నాయన లేడా నీకు?"